ఆఫీసులో బాగానే వినిపిస్తుంది

“మీరు పెట్టినా అంతే వినిపిస్తోంది, నేను పెట్టుకున్నా అంతే వినిపిస్తోంది. మరి మధ్యలో మీరెందుకు డాక్టరమ్మా?”

చెవుల డాక్టరమ్మకి చెవులు ఎర్రబడ్డాయి. ఎదురుగా కూర్చున్న ఫిర్యాదుల గుమాస్తా బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాడు. ఒకదాంట్లో ఉన్న చెవి మిషన్ల జత ఆయన ఇంట్లో సోఫాలో పడుకుని, ఫోను బీప్‌మన్నప్పుడల్లా నొక్కుకుంటూ సొంతంగా అమర్చుకున్నది. ఆఫీసువాళ్ళు ఇప్పించారట. రెండో జత ఆమె ఆయన్ని గాజుగదిలో కూర్చోబెట్టి, చెవిలో సన్నటి గొట్టం దూర్చి, కంప్యూటరులో వంకర గీతల్ని దారికి తెచ్చి అమర్చినది. ఆ గీతల్ని దారికి తేవడం నేర్చుకోడానికి ఆమెకి ఆరేళ్ళు పట్టింది. ఆయనకి సోఫాలో పావుగంట పట్టింది.

“పరీక్ష పెడదాం బాబాయిగారూ,” అంది పళ్ళు బిగించి.

వెనకాల సంత గోల రికార్డు వేసి, ఇరవై మాటలు వినిపించింది. సొంత అమరికతో పదిహేడు సరిగ్గా చెప్పాడు. ఆమె అమరికతో పద్దెనిమిది.

“చూశారా!” అంది, ఆరేళ్ళ చదువునీ ఆ ఒక్క మాట మీద నిలబెట్టి.

“ఏమిటా మాట?”

“గొడుగు.”

“వానాకాలం వెళ్ళిపోయిందిగా తల్లీ.”

రెండు జతలూ తీసేసి పరీక్షిస్తే వచ్చినవి నాలుగే.

“నాలుగా?” పక్కనున్న భార్య ఆశ్చర్యపోయింది. “ఇంట్లో ఆ నాలుగూ లేవమ్మాయ్! స్టవ్వు కట్టెయ్యండీ అంటే, అవునే, బాగుంది అంటారు. వినయం బోలెడు, వినడమే నిల్లు.”

అప్పటికి ఆయన తన జత మళ్ళీ తగిలించుకున్నాడు. “మా ఆవిడ గొణుగుతుంది డాక్టరమ్మా. ఆఫీసులో నాకు బాగానే వినిపిస్తుంది. ఏ మిషనూ లేకుండా! ఒక్క అక్షరం పొల్లుపోదు.”

డాక్టరమ్మ లోపల నవ్వుకుంది. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ చెప్పే మాటే ఇది. తన చెవులు భేషు, లోకానికే నోరు పడిపోయింది.

ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఉద్యోగానికి సరిపడా వినికిడి ఉందని డాక్టరు సంతకం పెట్టాలి. లేకపోతే సోమవారం నుంచి గోడౌనుకి బదిలీ.

“గోడౌనులో అట్టపెట్టెలు తప్ప మనిషనేవాడు ఉండడమ్మా,” అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది. “పంతొమ్మిదేళ్ళు జనం మధ్య కూర్చున్నవాణ్ణి. అట్టపెట్టెలతో ఏం మాట్లాడను?”

“ఆఫీసులో కూడా మిషను పెట్టుకుంటానని మాటివ్వండి. ఇప్పుడే సంతకం పెడతా.”

“ఇంట్లో పెట్టుకుంటా, ఈవిడ గొణుగుడు కోసం. అక్కడ పెట్టుకుంటే బుర్ర బద్దలైపోతుంది.”

“నా అమరికలో లోపమే లేదు!”

“నా అమరికలోనూ లేదు మరి.”

సొంతానికీ సంతకానికీ పంతం వచ్చింది. “రేపు మీ ఆఫీసుకే వస్తా. అక్కడే తేల్చుకుందాం,” అంది డాక్టరమ్మ.

మర్నాడు ఆయన ఆమెని వెనక సందులోంచి, సిబ్బంది గుమ్మం గుండా లోపలికి తీసుకెళ్ళాడు. చెవుల్లో ఏమీ లేవు.

“ఇంతకీ మీ కంపెనీ ఏం అమ్ముతుందండీ?” అని అడిగింది.

“ఆఁ, పొద్దున్నే కడిగారు,” అన్నాడు మెట్లు చూపిస్తూ.

‘ఇదీ ఈయనగారి వినికిడి!’ అనుకుని, ఆయన కుర్చీ పక్కనున్న స్టూలు మీద సర్దుకుంది. కౌంటరు అద్దం అవతల అప్పటికే జనం బారులు తీరారు. అందరి చేతుల్లోనూ చిన్న కవర్లు.

ముందు సొంత జత తగిలించుకున్నాడు.

“కొని నెల కాలేదు! అప్పుడే మూలపడింది!” అన్నాడొక బట్టతలాయన. గుమాస్తా కుర్చీలోంచి బెత్తెడు లేచాడు.

తర్వాత డాక్టరమ్మ జత.

“నాయనా, మూడోసారి తిప్పుతున్నావ్ నన్ను!” అందొక పెద్దావిడ. ఈసారి జానెడు లేచాడు. కలం ఎగిరి డాక్టరమ్మ ఒళ్ళో పడింది.

“మీది ఒక మాట ఎక్కువ వినిపిస్తుంది కదా,” అన్నాడు, కలం అందుకుంటూ. “అందుకే ఇంకాస్త ఎక్కువ ఎగిరాను.”

రెండూ తీసి సొరుగులో పడేశాడు.

ఇక అక్కణ్ణించి డాక్టరమ్మ నోరు తెరిచింది, మూయలేదు. పది మంది వచ్చారు. ఒక్కొక్కరూ మెడ నరాలు ఉబ్బేలా మొర పెట్టుకున్నారు. సరుకు పాడైతే గొంతు పెరగడం మామూలేననుకుంది. గుమాస్తా అంతకి రెండింతలు గొంతు పెంచి బదులిస్తూ, చకచకా రాసుకున్నాడు. ఆమె కూడా పక్కన దొంగచాటుగా రాసుకుంది. పేరు, బిల్లు నంబరు, కొన్న తేదీ, బాధ. చివర్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది.

పదికి పది! తొమ్మిదో బిల్లులో ఒక అంకె తానే తప్పు రాసుకుంది.

గాజుగదిలో నాలుగు మాటలకి మించి పట్టుకోలేని చెవులు ఇక్కడ నాలుగు వందలు పట్టుకున్నాయి. శాస్త్రానికి అందని శ్రవణశక్తి! పంతొమ్మిదేళ్ళుగా వినతులు విన్న మనిషికి వినికిడి లేదనడానికి తనెవరు?

‘మిషను అవసరం లేకుండానే ఈ ఉద్యోగానికి సంపూర్ణంగా యోగ్యుడు’ అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టింది. గుమాస్తా కళ్ళొత్తుకుని ఆ కాగితాన్ని గుండె జేబులో పెట్టుకున్నాడు.

పంతంలో ఓడినా మనసు తేలికపడి, డాక్టరమ్మ ఈసారి జనం వచ్చే గుమ్మం గుండా బయటికొచ్చింది. నలుగురూ చూస్తున్న వైపే తలెత్తి చూసింది.

కౌంటరు మీది బోర్డులో, “ఇచ్చట చెవి మిషన్ల ఫిర్యాదులు మాత్రమే స్వీకరించబడును” అని ఉంది.