మూడోసారి మరమ్మతు

"మళ్ళీ సేఫ్ మోడేనయ్యా! నీ మరమ్మతు నీళ్ళమీద రాతలా ఉంది," అన్నాడు సూపరింటెండెంటు, మెకానిక్ భుజం మీది సంచి దింపకముందే.

నీటి సరఫరా కార్యాలయంలో, కిటికీ పక్క బల్లమీద ఉంది ఆ కంప్యూటర్. నల్లటి తెర, నాలుగు మూలలా 'సేఫ్ మోడ్' అన్న మాట, మధ్యలో గుమ్మడికాయలంత అక్షరాలు. మెకానిక్ నిట్టూర్చలేదు, నిట్టూర్చడానికైనా కొంత ఓపిక ఉండాలి. అతడి కంపెనీ కొత్తగా తయారుచేస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఈ కార్యాలయంలో ట్రయల్‌గా పెట్టారు. పది కంప్యూటర్లలో తొమ్మిది సవ్యంగానే నడుస్తున్నాయి. ఇదొక్కటే మొండికేసింది. బాగుచేసి వెళ్ళిన మర్నాటికల్లా సేఫ్ మోడ్‌లోకి, అంటే ప్రాణం నిలుపుకోవడానికి చాలినవి తప్ప తక్కినవన్నీ మానుకునే స్థితిలోకి, జారిపోతోంది.

"మూడోసారీ కాలేదంటే సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు," అని పొద్దున్నే కంపెనీ మేనేజరు అతడికి ఫోన్‌లో చెప్పేశాడు.

"సేఫ్ మోడ్‌లో ప్రింటర్ పలకదు కదా సార్. ఉత్తరాలెలా పంపుతున్నారు?" అని సూపరింటెండెంటును అడిగాడు మెకానిక్.

"ఎలా ఏంటి? మా టైపిస్టమ్మ పెన్‌డ్రైవ్ పట్టుకుని రోజుకి ఇరవైసార్లు పక్కగదికి పరుగెడుతోంది."

"పోనిద్దురూ, నడక ఒంటికి మంచిదేగా," అంది టైపిస్టు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళున్న మనిషి. మెకానిక్‌కు మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ, "ఇవాళైనా బాగవుతుందంటావా తమ్ముడూ?" అని అడిగింది.

"అదో నేనో తేలిపోవాలక్కా ఇవాళ."

తెరను నడిపే డ్రైవర్‌ను తీసేసి కొత్తది వేశాడు. తక్కిన ప్రోగ్రాములను ఒక్కొక్కటే ఆపుతూ చూశాడు. ఏది లేకపోయినా మనిషి బతకగలడో ఒక్కొక్కటే తీసి చూస్తున్నట్టుగా తోచిందతడికి. చివరికి మిగిలేది చాలా తక్కువ. మధ్యాహ్నం మూడింటికి అన్నీ అయిపోయాయి. లోపం మాత్రం దొరకలేదు.

అప్పుడు, సిస్టమ్ తనంతట తాను రాసుకునే చిట్టా తెరిచాడు. రోజూ ఒకే గడియ: ఉదయం తొమ్మిదీ పది. రోజూ ఒకే సంగతి: ఎవరో మీటలు నొక్కి, సేఫ్ మోడ్‌ను స్వయంగా ఎంచుకున్నారు. ఇది జబ్బు కాదు. చెయ్యి.

"సార్, పొద్దున ఈ గదికి ముందుగా ఎవరొస్తారు?"

"టైపిస్టమ్మే. తాళంచెవి ఆవిడ దగ్గరేగా ఉంటుంది. తొమ్మిదింటికల్లా వచ్చేస్తుంది. మిగతా మహారాజులు వేంచేసేది పదిన్నరకి. ఏం?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగే మొహం కాదే అది! ఎవరైనా కావాలని చేస్తున్నారా? చెప్పు. తేలిందంటే సాయంత్రానికల్లా ఇంటికి పంపించేస్తా."

బీరువా దగ్గర ఫైళ్ళు సర్దుతున్న టైపిస్టు చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

మెకానిక్ అది చూశాడు. మూడు ప్రయాణాలు, ప్రతిసారీ రెండేసి బస్సులు, మేనేజరు గొంతు, అన్నీ ఒక్కసారిగా అతడి మెడమీదకు వచ్చి కూర్చున్నాయి. నీళ్ళిచ్చిన చేత్తోనే గొయ్యి తవ్విందన్నమాట.

కంప్యూటర్‌ను మామూలు మోడ్‌లోకి తెచ్చి, పరీక్షకని, గొట్టం మరమ్మతు గురించి ఆఫీసు రోజూ పంపే ఉత్తరం ఒకటి తెరిచాడు. సూపరింటెండెంటు వచ్చి వంగి చూశాడు.

"ఏంటయ్యా ఈ అక్షరాలు, నువ్వుగింజల్లా?"

"మామూలుగా ఇంతే సార్. పెద్దవి చేసుకునే వీలు ట్రయల్‌లో ఇంకా పెట్టలేదు."

సూపరింటెండెంటు వెళ్ళి బల్లకు అవతల కూలబడ్డాడు. ట్రయల్ నివేదికను ఆ యంత్రంలోనే పూరించాలన్నది కంపెనీ నియమం. మెకానిక్ ఉత్తరం మూసి, నివేదిక తెరిచి, పళ్ళు బిగబట్టి రెండు వాక్యాలు టైపు చేశాడు.

"టైపిస్టమ్మా, ఇలా రా," అని కేకేశాడు సూపరింటెండెంటు. "ఆ గొట్టం ఉత్తరం ఓసారి పైకి చదువు. అక్షరాలు తిన్నగా వస్తున్నాయో లేదో తేలిపోతుంది."

మెకానిక్ అడ్డుపడేలోపే ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు సవరించుకుంది. తెరమీద వేలు పెట్టి, గడగడా చదివింది.

"ఆర్యా, తమరి ఫిర్యాదు అందినది. తమ వీధిలో గొట్టం మరమ్మతు పనులు పురోగతిలో ఉన్నవి. అంతవరకు తమరికి కలుగుతున్న అసౌకర్యానికి చింతిస్తున్నాము." తలెత్తి నవ్వింది. "భేషుగ్గా ఉంది తమ్ముడూ. ఒక్క అక్షరం చెదరలేదు."

మెకానిక్ ఆవిడ వేలి వంక, ఆ తర్వాత ముఖం వంక చాలాసేపు చూశాడు.

"ఓసారి లేవండక్కా," అన్నాడు మెల్లగా.

టైపు చేసింది చెరిపేశాడు. చిట్టాను కూడా చెరిపేశాడు. నివేదికలో ఒకే వాక్యం రాసి పంపి, యంత్రాన్ని ఆపి మళ్ళీ తెరిచాడు. నల్లటి తెర, గుమ్మడికాయలంత అక్షరాలు.

"ఇదేం చోద్యమయ్యా! ఇప్పుడేగా ఆవిడ పొల్లుపోకుండా చదివింది?"

"దీని రోగమే అంత సార్. బాగైనట్టే ఉంటుంది, బాగవదు. లోపం యంత్రంలోనే ఉంది, ఇంకెవర్నీ పంపనక్కర్లేదని రాశాను. దీనికి సేఫ్ మోడే గతి, ఇలాగే వదిలేయండి."

"మరి మీ మేనేజరుకేం చెప్తావు?"

"నాకు చేతకాలేదని."

"అది మాత్రం నిజం!"

మెకానిక్ సంచి భుజాన వేసుకున్నాడు. టైపిస్టు గుమ్మందాకా వెంట వచ్చింది.

"మూడుసార్లు తిరిగావు, పాపం. కాళ్ళరుగుదలేగా తమ్ముడూ."

"పర్లేదక్కా. నడక ఒంటికి మంచిదేగా."

మెట్లు దిగుతుంటే ఆవిడ గొంతే చెవిలో వినిపిస్తోంది. ఆవిడ వేలు పెట్టి, నవ్వుతూ చదివిన ఆ తెరమీద అప్పుడు గొట్టం ఉత్తరం లేదు; ఉన్నది అతడు టైపు చేసిన రెండు వాక్యాలే: 'యంత్రంలో లోపం లేదు. రోజూ తొమ్మిదీ పదికి దీన్ని సేఫ్ మోడ్‌లో పెడుతున్నది టైపిస్టే.'