ఒకటే పంట

చేను ఎవరిదో ఇప్పుడు ఆకాశంలోని ఉపగ్రహపు కన్ను తేలుస్తుంది. ఒకే పంట కనబడితేనే పట్టా నిలుస్తుంది. మొగులమ్మ చేనులో మాత్రం, తల్లి నేర్పినట్టే, జొన్న, కంది, అనుములు కలిసి పెరిగాయి. కన్ను దాన్ని అడవిగా లెక్కగట్టింది. పొద్దుగూకేలోపు సరిచేయకుంటే భూమి పోతుందని కోడలు అనిత ఫోన్‌లో చూసి చెప్పింది.

"కంది లేకుంటే నేలకు సత్తువేడిది?" అంటూనే మొగులమ్మ వంగింది. పూత మీదున్న కందిని, అనుము తీగల్ని ఇద్దరూ వేళ్లతో సహా పీకేశారు. జొన్న ఒక్కటే మిగిలింది.

అనిత ఫోన్‌కు మెసేజ్ వచ్చింది.

"అత్తమ్మా, పట్టా నిలిచింది. చేను నీదేనంట."

మొగులమ్మ గట్టెక్కి చాలాసేపు చూసింది.

"అది గుర్తువట్టింది గని బిడ్డా, నాకే ఇది మన చేను లెక్క కనవడ్తలేదు."