ఊపిరి కబురు

పొద్దున్న ఎనిమిదింటికి బ్రాయిస్‌ను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. తలుపు దగ్గర తల్లి ఎర్మీతాస్ వాడి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. తండ్రి పేరు ఎవరీస్తో. అతను మాత్రం మంచం కడ్డీ పట్టుకుని వదల్లేదు. నర్సు ఒక్కో వేలూ మెల్లగా విడదీయాల్సి వచ్చింది.

వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు. సొంతంగా ఊపిరి తీసి తొమ్మిది రోజులైంది. మిషనే తీస్తోంది. గుండె సంగతి నిన్ననే తేలిపోయింది, డాక్టర్లు పెదవి విరిచేశారు. ఇక ఆశంతా ఊపిరితిత్తుల మీదే.

బయట లూగో ఊరంతా వాన. కాసేపటికి మద్రీద్ నుంచి విమానంలో దిగిన డాక్టర్లు, తల్లిదండ్రులు కూర్చున్న బెంచీ ముందు నుంచే లోపలికి వెళ్ళారు. ఒకతని చేతిలో మంచు డబ్బా ఉంది.

"చూశావా, ఎంత తేలిగ్గా పట్టుకెళ్తున్నాడో," అన్నాడు ఎవరీస్తో.

"మరి రొప్పుతూ పోతాడా? నీలా పొగ తాగే మొహం కాదుగా."

అతను తల దించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు వంటింట్లో కూర్చునే కాల్చాడు. పిల్లాడు ఆ పొగలోనే పాఠాలు చదువుకున్నాడు. తొమ్మిది రోజుల కిందట సిగరెట్ పెట్టె తీసుకెళ్ళి చెత్తబుట్టలో పారేశాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావు," అంది ఎర్మీతాస్. "ఊపిరితిత్తులు బాగాలేవన్నారో, ఆ పాపం నీదే. చచ్చేదాకా దెప్పుతాను."

"దెప్పవే. అలాగైనా ఇంట్లో ఓ మాట వినపడుతుంది."

అవయవ మార్పిడి పనులు చూసే నర్సు సబేలా బయటికొచ్చింది.

"గొట్టంతో కెమెరా దింపి చూశారమ్మా. శుభ్రంగానే ఉన్నాయి."

"పొగ మసి?" అన్నాడు ఎవరీస్తో భయంగా.

"కనపడలేదు పెద్దాయనా. కానీ పెద్ద డాక్టరుగారు ఛాతీ తెరిచి, చేత్తో తడిమి చూస్తేగాని మాట ఇవ్వరు. బాగాలేకపోతే వచ్చిన దారినే వెళ్ళిపోతారు."

"ఒక్కటి బాగున్నా చాలదా తల్లీ?" అంది ఎర్మీతాస్.

"ఒక్కటైనా పెడతారమ్మా."

మళ్ళీ తలుపు మూసుకుంది. పక్కింటావిడ కట్టిచ్చిన చేప కూరిన ఎంపనాడ రొట్టె పొట్లంలోనే చల్లారిపోయింది. పెళ్ళి రోజు తర్వాత చర్చి గడప తొక్కని ఎవరీస్తో, భార్య చేతిలోని జపమాల కొస పట్టుకుని కూర్చున్నాడు.

పదకొండింటికి సబేలా మళ్ళీ వచ్చింది.

"రెండూ బాగున్నాయి! ఎక్కడా మచ్చ లేదు. గాలి ఊదగానే పూరీల్లా పొంగాయన్నారు."

ఎవరీస్తో పెద్దగా ఏడ్చేశాడు. అంతమంది తిరిగే చోట, డెబ్భై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎర్మీతాస్ అతని వీపు నిమిరింది. "ఊరుకోవయ్యా. ఇంక నిన్నేమీ అననులే."

"ఇప్పుడే సంబరపడకండి," అంది సబేలా. "కుట్లు పడ్డాక ఊపిరి ఆడాలి. అది అసలు పరీక్ష. ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చండి, నేనే ఫోన్ చేస్తాను."

"ఊపిరి ఆడిందన్న మాట వినేదాకా ఇక్కణ్ణుంచి కదలం," అంది ఎర్మీతాస్.

వాన తగ్గింది, మళ్ళీ పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సాయంత్రం ఐదింటికి సబేలా ఫోను చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఆడుతోందమ్మా! రక్తం పారగానే రెండూ గులాబీ రంగుకి తిరిగాయట. ఊపిరి చక్కగా ఆడుతోంది!"

ఎర్మీతాస్ ఆ పిల్ల రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. ఎవరీస్తో నవ్వుతూ ఏడుస్తూ పొట్లం విప్పి, తొమ్మిది రోజుల తర్వాత ఒక ముక్క ఇష్టంగా నోట్లో పెట్టుకున్నాడు. వాళ్ళను చూసి సబేలా కూడా కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు ఎర్మీతాస్ మొగుడి చెయ్యి పట్టుకుని లేపుతూ అంది: "ఎవరి బిడ్డో హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాడు, ఇంక పదవయ్యా, మన బిడ్డ మధ్యాహ్నం నుంచి కింద మార్చురీలో ఒక్కడే ఉన్నాడు."