మార్జరీకి మూడు స్పెల్లింగులు

"ఈ మూడింట్లో ఏది సరైనది నాయనా?"

ముసలాయన రికార్డునూ, దాని అట్టనూ, అదే పాట ఉన్న క్యాసెట్టునూ కౌంటరు మీద వరసగా పేర్చాడు.

నైజెల్ ప్రాసర్ తలెత్తలేదు. ఇంగ్లండులోని డడ్లీ మార్కెట్టు మూలన పాత రికార్డులమ్మే కొట్టు అతనిది. ఆ ముసలాయన రావడం ఆ వారంలో అది రెండోసారి.

"ఏది సరైనదంటే?"

"మార్జరీ అన్న పేరు. ఒక్కోదాని మీద ఒక్కోలా ఉందంటున్నారు."

నిజమే. 'కాలువ గట్టున మార్జరీ' పాట వచ్చి ఇరవై రెండేళ్లయింది. అట్ట మీద ఆ పేరు చివర 'ఐ, ఇ' ఉంటాయి. రికార్డు మధ్యనున్న కాగితం మీద 'వై' ఉంటుంది. క్యాసెట్టు దగ్గరికొచ్చేసరికి నడిమి 'జె' కాస్తా 'జి' అయిపోయింది.

పాత రాక్ పాటల పేర్లలో అక్షరాలిలా తారుమారు కావడం కొత్తేమీ కాదు. నైజెల్‌కి అదే పిచ్చి. అలాంటివి రెండు వందల పైచిలుకు ఏరిపెట్టాడు. ఈ ఒక్క పేరు మీదే పదకొండు పేజీల వ్యాసం రాశాడు. వచ్చే నెల అభిమానుల పత్రికలో అచ్చు కాబోతోంది.

"సరైనదంటూ ఏదీ లేదు పెద్దాయనా. మూడు స్పెల్లింగులు, ముగ్గురమ్మాయిలు. పాట రాసిన రెక్స్ థార్లీ కావాలనే వాళ్లనలా దాచాడు. ఆ గుట్టు పట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నే."

ముసలాయన అట్టను వేలితో నిమిరాడు.

"ఒక్కతే నాయనా."

"ఏమిటీ?"

"మార్జరీ ఒక్కతే."

రికార్డులు తిరగేస్తున్నవాళ్లెవరో కిసుక్కున నవ్వారు.

"నీ చెవిలో వచ్చి చెప్పిందా?" అన్నాడు నైజెల్. "పదకొండు పేజీలు రాశాను నేను. నువ్వెన్ని రాశావేం?"

"నేనేం రాయలేదు నాయనా."

ఆయన టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

శనివారం మళ్లీ వచ్చాడు. బయట ఒకటే వాన. కొట్టు నిండా జనం. ముసలాయన కోటు నీళ్లోడుతోంది. మాటకో దగ్గు.

"ఒక్క ముక్క కాగితం మీద రాసివ్వు చాలు. ఆ పాట సంగతి నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదంటున్నారు. రాయి చెక్కేవాడు సోమవారంలోగా..."

"అచ్చులో కళ్లెదుట ఉంది కదయ్యా! చూసి రాసుకోలేవూ? చదువు రాదా ఏం?"

కొట్టంతా గొల్లుమంది.

ముసలాయన ముఖం చెవులదాకా ఎర్రబడింది. కాలిన మచ్చలున్న చేతులు రెండూ జేబుల్లో దూర్చుకుని వానలోకి నడిచాడు.

నైజెల్‌కి లోపల ఎక్కడో కలుక్కుమంది. అంతలో ఎవరో ధర అడిగారు. మర్చిపోయాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున పక్కనే టీ కొట్టు నడిపే బెరిల్ కప్పు అందిస్తూ అంది:

"నీ దగ్గరికొచ్చేవాడే ఆ ముసలాయన, క్లెమ్ ఫాక్సాల్, పోయాడయ్యా. న్యుమోనియా అట. ఇవాళే పూడుస్తున్నారు. మోసేందుకు నా అన్నవాడు ఒక్కడూ లేడు."

"అయ్యో," అన్నాడు నైజెల్. ఆ మాట పైపైన అన్నది కాదు. "ఎందుకొచ్చేవాడో నీకేమైనా తెలుసా?"

"చెల్లెలి సమాధికి రాయి వేయించాలని తిరిగేవాడు. చిన్నప్పుడే పోయిందట పాపం. ఇన్నేళ్లూ ఉత్త మట్టిదిబ్బే. ఆ పిల్ల కాగితాలు యుద్ధంలో బాంబు పడి ఇంటితోపాటే కాలిపోయాయట. నకలు కోసం జననమరణాల ఆఫీసు గడప తొక్కాలంటే ఆయనకి హడలు. ఏదో ఒక ఫారం నింపమంటారని."

నైజెల్ టీ తాగలేకపోయాడు. ఊళ్లో మార్జరీలు వెయ్యిమంది ఉంటారు, అని తనకు తాను చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక నల్లకోటు వేసుకున్న పొడగరి ఒకాయన తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. బూట్లకి తడిమట్టి అంటుకుని ఉంది.

గోడ మీది పోస్టర్లలో పదేళ్లుగా చూస్తున్న ముఖం అది. రెక్స్ థార్లీ!

నైజెల్‌కి పొద్దుటి దిగులంతా ఎగిరిపోయింది. సొరుగులోంచి వ్యాసం లాగి ఆయన చేతిలో పెట్టాడు.

"మూడు స్పెల్లింగులు, ముగ్గురమ్మాయిలు. నేనే కనిపెట్టాను సార్!"

రెక్స్ నిలబడే రెండు పేజీలు చదివాడు. మూడోది తిప్పలేదు.

"చాలా కష్టపడ్డారు," అన్నాడు. "కానీ ముగ్గురు లేరు. ఒక్కతే. పద్నాలుగో ఏట కాలువలో పడి చనిపోయింది. రాతి మీద అన్నాచెల్లెళ్ల పేర్లు రెండూ చెక్కించాలి. పేరెలా రాయాలో మార్కెట్టులో ఒకాయనకి తెలుసునని క్లెమ్ అందరితో అనేవాడట. మీరేనా?"

నైజెల్ కౌంటరు అంచు పట్టుకున్నాడు.

"నాకు... నాకు తెలీదు సార్. పాట రాసిన మీకే తెలీకపోతే ఎలా?"

రెక్స్ ఆ కాగితాలను మెల్లగా కౌంటరు మీద పెట్టాడు.

"విన్నది విన్నట్టు నేను రాసింది అక్షరాలే, ఇనుము పోత పోసే కర్మాగారంలో నా పక్కన పనిచేస్తూ, రొట్టె తినే వేళ చెల్లెల్ని తలుచుకుని క్లెమ్ కట్టి పాడుకున్న పాట అది, ఆయనకి సంతకం చేయడం కూడా రాదు గనక దానికింద నా పేరు వేసుకున్నాను."