గుమ్మంలో గొడవ

అమెరికా కాలేజీల్లో కుర్రాళ్లు ఒకే ఇంట్లో కలిసి ఉండే విద్యార్థి సంఘం ఫ్రాటర్నిటీ. దాని హెడ్డాఫీసు తరఫున ఊరూరా తిరిగి శాఖలను చక్కదిద్దే కన్సల్టెంట్ దీక్షిత్, విండ్సర్ కాలేజీ కుర్రాళ్ల ఇంటికి వచ్చాడు. ప్రెసిడెంట్ తారక్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా ఇంట్లో మీ పెత్తనమేంటి?"

"కొత్తగా చేరేవాళ్లకి బలవంతంగా తాగిస్తే ఈ శాఖ మూసేయిస్తా."

వెనకున్న సభ్యులు బూతులు లంకించుకున్నారు. ఎవరో విసిరిన బీరు డబ్బా దీక్షిత్ భుజానికి తగిలింది. అయినా అతను కదల్లేదు.

చివరికి తారక్ పళ్లు కొరుకుతూ, రేపటి తాగుడు పందెం రద్దన్నాడు. దీక్షిత్‌ను కారుదాకా తరిమాడు.

అక్కడ గొంతు తగ్గించి తెలుగులోకి మారాడు. "సారీ అన్నా. మీకు ఫోన్ చేసింది నేనే. నేను చెప్తే వీళ్లు వినరు. పోయినసారి ఒకడు చావుదాకా వెళ్లొచ్చాడు."

"నీ గొంతు గుమ్మంలోనే గుర్తుపట్టా. ఇంకాస్త గట్టిగా తిట్టు, వాళ్లు చూస్తున్నారు."