తలుపులో పట్టని బల్ల

మీ పనిబల్ల కాళ్లను జిగురుతో అతికించారా, బోల్టులతో బిగించారా?

నా బతుకుతెరువు వడ్రంగం. షెడ్డులో తలుపుకంటే వెడల్పుగా బల్ల కట్టాం, నేనూ నా బావమరిదీ.

"దీన్ని ఎత్తుకెళ్లాలంటే గోడ పగలగొట్టాల్సిందేరా" అన్నాను.

జిగురు డబ్బా తెరవబోతే వాడు చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బావా, బోల్టులు పెడదాం. చెక్క ఆరి వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు."

"నువ్వుండగా నాకేం దిగుల్రా" అన్నాను.

ఆదివారం చర్చిలో వాక్యం చెప్పి వచ్చేసరికి షెడ్డు ఖాళీ. గోడ చెక్కుచెదరలేదు. నేలమీద వాడి స్పానరు ఒక్కటే మిగిలింది.

ప్రభువును ముద్దుపెట్టి శత్రువులకు అప్పగించినవాడి గురించి వారంవారం బోధించే నాకు, పక్కనే కూర్చుని బోల్టులు బిగించినవాడు కనబడలేదు.

సోదరులారా, రేపనకండి. బల్ల కింద దూరండి. ఆ బోల్టులు ఎవరు పెట్టమన్నారో గుర్తుచేసుకోండి. ఈరోజే జిగురు పోయండి.