మేస్త్రి నేర్పిన ‘లేదు’

"డాక్టరుగారు ఏమడిగినా ‘లేదు’ అనండి. తెలిసిందా?" అన్నాడు మేస్త్రి.

కుట్టుమిషన్ల హాలంతా తలూపింది.

ఎవరూ లేనిచోట గొంతులు వినిపించడం మామూలు జనంలో ఎంతమందికి ఉందో ఆస్పత్రివాళ్ళు లెక్క తీస్తున్నారట. ఇవాళ ఈ హాలు వంతు.

"ఒక్కరు ‘అవును’ అన్నా పిచ్చోళ్ళ హాలని పేరొస్తుంది. అన్నవాళ్ళు రేపట్నుంచి పనికి రానక్కర్లేదు. ఏదీ, చెప్పండి. మనిషి లేకుండా మాట ఎప్పుడైనా వినిపించిందా?"

"లేదూ!" ఎక్కాలు అప్పజెప్పినట్టు అరిచారు.

గుండీలు కుట్టే అక్క పెదవులు కదిపిందంతే. పోయిన మొగుడు రోజూ పొద్దున్నే "ఏమే, నా కళ్ళజోడెక్కడ?" అని ఆమెను అడుగుతూనే ఉన్నాడు. చచ్చినా వెతుక్కోవడం రాలేదు మహానుభావుడికి. ‘లేదు’ అంటే ఆయన్ని రెండోసారి సాగనంపినట్టే. ‘అవును’ అంటే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

"నాకు వినిపిస్తుంది!"

అన్నది అక్క కాదు. పక్క బల్ల దగ్గర, వెలిసిన చీరలో పొద్దున్నే వచ్చి కూర్చున్నావిడ. కొత్తగా పనిలో చేరిందనుకున్నారంతా.

"ఏం వినిపిస్తుంది?" మేస్త్రి కళ్ళెర్రజేశాడు.

"మా అమ్మ తిట్లు. ఆవిడ పోయి ఏళ్ళయింది. నోరు మాత్రం పోలేదు."

హాలు ఘొల్లుమంది.

"నీకు పిచ్చా?"

"తిట్టే అమ్మ ఉంది బాబూ. పిచ్చి లేదు."

"బయటికి నడు! అక్కడ ఎంతసేపైనా తిట్టించుకో!"

వాచ్‌మన్ ఆవిడను గేటు దాటించి, వచ్చిన బస్సెక్కించి మరీ తిరిగొచ్చాడు.

గుండీలక్క సూదిని బల్లకు గుచ్చి లేచింది.

"నాకూ వినిపిస్తుంది, మా ఆయన గొంతు. పని మాన్పించుకోండి మేస్త్రిగారూ!"

"నాకు మా చెల్లి పాట" అంది కత్తెర పట్టుకున్నామె.

"నాకు మా తాత దగ్గు. ఇప్పటికీ తగ్గలేదు!" అన్నాడు ఇస్త్రీ ఆయన.

మేస్త్రి లెక్కేసుకున్నాడు. ఎవరిని మాన్పిస్తాడు? అందరినీ మాన్పిస్తే మిషన్లు ఆయనే తొక్కుకోవాలి.

అంతలో నిగనిగలాడే బూట్లతో, చేతిలో పెట్టెతో ఒకాయన వచ్చాడు. మేస్త్రి పరుగెత్తి తన కండువాతోనే కుర్చీ తుడిచాడు.

"రండి డాక్టరుగారూ! మావాళ్ళేదో వేళాకోళమాడుతున్నారు, మీరేం పట్టించుకోకండి."

వచ్చినాయన కూర్చోలేదు. బల్ల బల్లకూ కళ్ళతో వెతికాడు.

"నేను డ్రైవర్నండీ. ముందు తన సంగతి చెబితేగానీ జనం నోరు విప్పరని, పొద్దున్నే వచ్చి మీవాళ్ళలో కూర్చున్నారు మా డాక్టరమ్మ... ఏరీ?"